చలికాలపు షాకు – ఒకసారా, ప్రతిసారా?



ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత గుడి వాకిట నిలువబడి ఒక్కొక్కరి చెయ్యి కలిపి పంపించడము మాకు అలవాటు. ఒక డిసెంబరు ఉదయము సంఘపెద్దగారు ప్లాస్టిక్ కుర్చీలోనుండి లేచి వచ్చి చెయ్యి చాచారు. ఆయన ఒంటిమీద ఉన్ని స్వెట్టరు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. వేలు వేలు తాకకముందే "చిటుక్" మని వినబడినది. ఇద్దరమూ చెయ్యి వెనక్కు లాక్కున్నాము. "అయ్యగారి చేతిలో కరెంటున్నది" అని పిల్లలు నవ్వారు. మేమూ నవ్వాము.

ఆ నవ్వులో తప్పేమీ లేదు. కానీ అదే చలికాలములో మరొక షాకును గూర్చి మా సంఘములోని ఒక సహోదరి చెప్పినప్పుడు కూడా మేము అలాగే నవ్వి పంపించాము. అది నవ్వవలసిన షాకు కాదు. ఆమె ఈ రోజు మన మధ్య ఉన్నదంటే అది మా తెలివి వలన కాదు. ఆ సంగతి మీకు చెప్పవలెననే ఈ వ్యాసము వ్రాస్తున్నాము. అయితే ముందుగా ఆ చిన్న చిటుక్కు ఏమిటో తెలిసికొందాము.

దుబాయి రగ్గులో మెరుపులు

మా సంఘములో ఒక అవ్వ ఉన్నది. ఆమె కొడుకు దుబాయిలో పని చేసి వస్తూ మెత్తని, బరువైన రగ్గు ఒకటి తెచ్చి తల్లికి కప్పాడు. మెదక్ ప్రాంతములో డిసెంబరు, జనవరి రాత్రులు ఎంత చల్లగా ఉంటాయో ఇక్కడివారికి తెలుసు. వేడి 10 డిగ్రీల దగ్గరకు దిగే రోజులుంటాయి. అయినా ఆ అవ్వ రగ్గును మడిచి సందూకలో పెట్టి, పాత నూలు దుప్పటి కప్పుకొని వణుకుతూ పడుకొంటున్నదని కోడలు మాతో చెప్పినది.

మేము వెళ్ళి అడిగితే అవ్వ గొంతు తగ్గించి, "అయ్యగారూ, అందులో ఏదో ఉన్నది. రాత్రి రగ్గు తీస్తే నీలం మెరుపులు మెరుస్తున్నయి, చిటపట అంటున్నది. దయ్యం పట్టిన రగ్గు నాకెందుకు?" అన్నది.

మేము తలుపు మూసి, దీపము ఆర్పి, రగ్గు బయటికి తీసి రెండు మడతలను ఒకదానినుండి ఒకటి గబాలున విడదీశాము. అవ్వ చెప్పినట్టే నీలి మెరుపులు కనబడినవి. తరువాత మా స్వెట్టరు తలమీదుగా తీశాము. అదే చిటపట, అవే మెరుపులు. "అవ్వా, దయ్యమైతే నీ రగ్గులోనూ, మా స్వెట్టరులోనూ ఒకేసారి ఎందుకుంటుంది?" అని అడిగాము. మనుమడు లేచి తన దువ్వెనను తలకు రుద్ది, చిన్న కాగితపు ముక్కలను పైకి లేపి చూపాడు. "బడిలో మా సారు ఇదే చూపించిండు" అన్నాడు. ఆ రాత్రినుండి అవ్వ వెచ్చగా పడుకొంటున్నది.

ఇది ఎక్కడినుండి వచ్చినది?

రెండు వస్తువులు ఒకదానితో ఒకటి రాసుకొని విడిపోయినప్పుడు, ఒకదానిమీది ఎలక్ట్రానులు కొన్ని రెండవదానిమీదికి చేరతాయి. అలా చేరిన విద్యుత్తు పోవడానికి దారి దొరికితే వెంటనే పోతుంది. దారి లేకపోతే అక్కడే నిలిచి ఉంటుంది. దీనినే స్థిర విద్యుత్తు అంటారు. నిలిచియున్న ఆ విద్యుత్తు ఒక ఇనుప గడియనో, మరొక మనిషి వేలినో సమీపించినప్పుడు గాలిలోనుండి ఒక్కసారిగా దూకుతుంది. ఆ దూకుడే మెరుపు, చిటుక్కు, చురుక్కు. ఆకాశములో మెరిసే మెరుపు కూడా ఈ జాతిదే. పరిమాణములోనే ఆకాశమునకు, చిటికెన వేలికి ఉన్నంత భేదమున్నది.

ఇది క్రొత్తగా కనుగొన్న సంగతి కాదు. చెట్టు బంక లక్షల యేండ్లు భూమిలో ఉండి గట్టిపడగా ఏర్పడిన అంబరు అనే పదార్థమును రుద్దితే అది తేలికైన వస్తువులను లాగుకొంటుందని ప్రాచీన గ్రీకులకు తెలుసు. అంబరును వారు ఎలెక్ట్రాన్ అని పిలిచేవారు. యెహెజ్కేలు గ్రంథము మొదటి అధ్యాయములో ప్రవక్త చూచిన కాంతిని వర్ణించడానికి ప్రాచీన గ్రీకు అనువాదకులు వాడిన మాట కూడా ఇదే. 1600 సంవత్సరములో విలియం గిల్బర్ట్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఈ గుణమునకు అంబరు పేరునే పెట్టాడు. నేడు మనము పలికే ఎలక్ట్రిసిటీ అనే మాట దానినుండి వచ్చినదే.

చలికాలములోనే ఎందుకు?

గాలిలో తడి ఉన్నప్పుడు మన చర్మముమీద, బట్టలమీద, నేలమీద కంటికి కనబడని సన్నని తేమ పొర ఉంటుంది. రాపిడివలన చేరిన విద్యుత్తు ఆ తేమ వెంబడి మెల్లగా జారిపోతుంది. మనకు తెలియనే తెలియదు. చల్లని గాలి తడిని ఎక్కువగా మోయలేదు. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 10 డిగ్రీలలో 9 గ్రాములకు కొంచెము పైగా మాత్రమే మోయగలదు. తెల్లవారుజామున అంత తక్కువ తడి ఉన్న గాలే మధ్యాహ్నమునకు ఎండలో వేడెక్కితే, అది ఎంత పొడిగా ఉంటుందో పగిలిన పెదవులు, మడమలు చెబుతాయి. సముద్రపు గాలి తగిలే కోస్తా ఊళ్ళలో ఈ షాకులు తక్కువ. లోతట్టు ప్రాంతములలో ఎక్కువ.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చిన తల్లిదండ్రులు ఈ సంగతి ఇంకా బాగా చెబుతారు. అక్కడ చలికాలములో బయట సున్నా డిగ్రీలున్న గాలిని ఇంట్లోకి తీసికొని 20 డిగ్రీలకు పైగా వేడి చేస్తారు. అందులో తడి, ఆ వేడిగాలి మోయగలిగిన దానిలో పావు వంతు మాత్రమే ఉంటుంది. నేలమీద తివాచీ, ఒంటిమీద ఉన్ని. తలుపు పిడి ముట్టుకొంటే చురుక్కు, మనుమరాలిని ముద్దు పెట్టుకోబోతే చురుక్కు.

మన తాతముత్తాతలకు ఈ బాధ అంతగా తెలియకపోవడానికి కూడా కారణమున్నది. వారు కట్టినది నూలు. నడచినది వట్టి కాళ్ళతో. కూర్చున్నది పేడతో అలికిన నేలమీద, నులక మంచముమీద. ఒంటిలో చేరినది చేరినట్టే భూమిలోకి పోయేది. మనమో నైలాను, పాలిస్టరు కట్టి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండి, రబ్బరు చెప్పులు తొడిగి నడుస్తున్నాము. విద్యుత్తు పుట్టడానికి అన్నీ ఉన్నవి, పోవడానికి దారి లేదు.

వేల వోల్టులైనా ఎందుకు చంపదు?

ఈ చిటుక్కు మనకు తెలియవలెనంటే కనీసము 3,000 వోల్టులు కావలెను. ఎండిన తివాచీమీద నడిస్తే 10,000 వోల్టులు దాటడము వింత కాదు. మన ఇంటి కరెంటు 230 వోల్టులే. మరి వేల వోల్టులు నవ్వించి పోతుంటే 230 వోల్టులు ప్రాణము ఎందుకు తీస్తున్నవి?

ఒక ఉపమానము చెబుతాము. తాటిచెట్టు కొననుండి ఒక నీటిచుక్క మీ చేతిమీద రాలినదనుకోండి. ఎంత ఎత్తునుండి పడినా అది ఒక్క చుక్క. చురుక్కుమని ఆగిపోతుంది. ఏటి కాలువ వాలు చూస్తే కంటికి ఆననంత తక్కువ. కానీ వెనుక చెరువంతా ఉన్నది గనుక అందులో కాలుపెట్టిన మనిషిని తీసికొనిపోతుంది. వోల్టు ఎత్తువంటిది. స్థిర విద్యుత్తు ఎత్తునుండి పడిన చుక్క. ఇంటి కరెంటు ట్రాన్స్‌ఫార్మరునుండి ఎడతెగక వచ్చే కాలువ. మొదటిది సెకనులో అతి స్వల్ప భాగములో అయిపోతుంది. రెండవది మీరు తాకియున్నంతసేపు ప్రవహిస్తూనే ఉంటుంది.

బాధ తగ్గించుకొనే విధము

చిన్న చుక్కే అయినా పదేపదే కొడితే విసుగే. ఇందుకు ఖర్చులేని ఉపాయములున్నవి.

స్వెట్టరు లోపల నూలు బనియను లేక నూలు చొక్కా తొడగండి. రగ్గు క్రింద నూలు దుప్పటి వేసికొని, దానిమీద రగ్గు కప్పుకోండి. పసిపిల్లలకు నూలు బట్టలే మేలు.

ఇంట్లో వట్టి కాళ్ళతో కొంతసేపు నేలమీద నడవండి. ప్లాస్టిక్ కుర్చీలోనుండి లేచేముందు వట్టి పాదము నేలకు ఆనించండి.

తలుపు గడియను వేలి కొనతో కాక, ముందుగా చేతిలోని తాళపుచెవితో తాకండి. మెరుపు తాళపుచెవి మీదికి పోతుంది, వేలికి నొప్పి ఉండదు. లేదా మొదట గోడకో, చెక్క ద్వారబంధమునకో అరచెయ్యి ఆనిస్తే విద్యుత్తు మెల్లగా దిగిపోతుంది.

కారు దిగేటప్పుడు సీటునుండి జరుగుతూనే తలుపు ఇనుప చట్రమును పట్టుకొని, పాదము నేలను ఆనేవరకు వదలకండి.

చేతులకు, కాళ్ళకు కొబ్బరినూనె రాయండి. చర్మము ఎండిపోకుండా ఉంటుంది, షాకూ తగ్గుతుంది. తలకు ప్లాస్టిక్ దువ్వెన బదులు చెక్క దువ్వెన వాడండి. పడకగదిలో వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పెట్టినా, తడి తువ్వాలు ఆరవేసినా గాలికి కొంత తడి వస్తుంది. ఒక్క హెచ్చరిక: షాకు తగ్గుతుందని విని తడి చేతులతో స్విచ్చి బోర్డును మాత్రము తాకవద్దు.

పెట్రోలు దగ్గర నవ్వులాట వద్దు

ఈ చిన్న మెరుపు మనిషిని చంపదు గాని, ఒకచోట మాత్రము ఇంటిని కాల్చగలదు. పెట్రోలు ఆవిరి గాలితో సరిపాళ్ళలో కలిసినప్పుడు అంటుకోవడానికి ఒక మిల్లీజౌలులో నాలుగవ వంతు శక్తి చాలు. మన వేలికి చురుక్కుమని తెలిసే మెరుపులో సాధారణముగా అంతకంటె ఎక్కువే ఉంటుంది. పైగా పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలవెంట ప్రాకి మనము అనుకోని చోట నిలుస్తుంది.

గనుక బంకులో పెట్రోలు పోస్తున్నప్పుడు బండి దిగి దూరముగా నిలువబడండి. అక్కడ స్వెట్టరు తీయడము, తొడగడము వద్దు. నీళ్ళ సీసాలలోను, పలుచని ప్లాస్టిక్ డబ్బాలలోను పెట్రోలు ఇంట్లో ఉంచకండి. స్ప్రేయరుకో, ఇంజనుకో డబ్బాలో పోయించవలసివస్తే, తగిన డబ్బాను నేలమీద పెట్టి పోయించండి. బండిమీదనో, ట్రాలీలోనో ఉంచి పోయించకండి. ఉన్ని బట్టలమీది మరకలను పెట్రోలుతో రుద్దే అలవాటు కొందరికున్నది. ఎండిన చలికాలములో అది మరీ ప్రమాదము.

దండెము తీగ

ఇప్పుడు మొదట చెప్పిన సంగతికి వస్తున్నాము.

ఆ సహోదరి క్రిస్మసుకు ముందు గుడి శుభ్రము చేయడానికి వచ్చినప్పుడు, "అయ్యగారూ, మా దండెం ముట్టుకుంటే షాక్ కొడ్తున్నది" అన్నది. అంతకు రెండు రోజుల ముందే మేము అవ్వ రగ్గు సంగతి అందరికీ కథగా చెప్పియున్నాము. ఆ ఉత్సాహములో, "చలికాలము గదమ్మా, అందరికీ కొడుతున్నది, ఏమీ కాదు" అని చెప్పి నవ్వాము. మా మాట నమ్మి ఆమె వెళ్ళిపోయినది.

మరి రెండు వారములు ఆమె ఆ దండెముమీదనే బట్టలు ఆరవేసినది. ఒక ఉదయము ఊరిలో కరెంటు పని చేసే అబ్బాయి వారి ఇంటికి బల్బు హోల్డరు మార్చడానికి వచ్చాడు. ఆమె మాటల మధ్యలో దండెము సంగతి చెబితే, అతడు నవ్వలేదు. వెంటనే మెయిను స్విచ్చి కట్టివేసి పైకి చూచాడు. స్తంభమునుండి ఇంటికి వచ్చే సర్వీసు వైరు రేకుల కప్పు అంచుకు గాలిలో రాసుకొని, పైతొడుగు అరిగి, లోపలి తీగ రేకును తాకుతున్నది. రేకుకు ఆనిన ఇనుప గొట్టమునకే దండెము తీగ కట్టియున్నది. రేకులు, గొట్టము, దండెము అన్నిటిలోను ప్రాణము తీయగల కరెంటు ఉన్నది. మెయిను స్విచ్చి కట్టినా అది పోలేదు. వైరు స్విచ్చికి ముందే అరిగినది గనుక లైన్‌మన్ వచ్చి స్తంభము దగ్గర తీయవలసివచ్చినది. అన్ని రోజులు ఆమె ప్రాణము నిలిచినది కాళ్ళకున్న రబ్బరు చెప్పుల వలననే అని అతడు అన్నాడు. ఆమె నాలుగేండ్ల బిడ్డ వట్టి కాళ్ళతో ఆ తడి బట్టల క్రిందనే ఆడుకొనేది.

ఆ సాయంకాలము మేము వారి ఇంటికి వెళ్ళి, తెలియని సంగతి తెలిసినట్టు చెప్పినందుకు క్షమించమని అడిగాము. "మీకేం తెలుసు అయ్యగారూ" అని ఆమె మమ్మును ఓదార్చినది. కానీ మాకు తెలియవలసినదే. ఆమె చెప్పిన మాటలోనే జవాబున్నది. తడి బట్టలు, తడి చేతులు, తడి వాకిలి. తడి ఉన్నచోట స్థిర విద్యుత్తు నిలువదని అవ్వకు చెప్పినవారమే, ఆ మాట ఇక్కడ మరచిపోయాము.

రెండింటికి భేదము

ఈ గురుతులు ఇంటిల్లిపాదికి నేర్పండి.

చలికాలపు చిటుక్కు ఒక్కసారే కొడుతుంది. వెంటనే మరల తాకితే ఏమీ ఉండదు. ఎండిన చోట, నడచి వచ్చిన తరువాత లేక బట్ట రాసుకొన్న తరువాత వస్తుంది. ఈ రోజు గడియ దగ్గర, రేపు మనిషి దగ్గర, ఎక్కడైనా రావచ్చును.

కరెంటు కారుతున్న షాకు ఒకే వస్తువు దగ్గర, తాకిన ప్రతిసారి కొడుతుంది. తాకియున్నంతసేపు జివ్వుమని లాగుతుంది. నేల తడిగా ఉన్నప్పుడు, వట్టి కాళ్ళతో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. ఫ్రిజ్జు, గ్రైండరు, ఇస్త్రీ పెట్టె, కూలరు, బోరు మోటారు, స్టార్టరు పెట్టె, రేకుల గోడ, దండెము తీగ – ఇవి సాధారణముగా దాని స్థలములు.

అనుమానము వస్తే "చూద్దాము" అని మరల చేతితో తాకి చూడవద్దు. మెయిను స్విచ్చి కట్టండి. పిల్లలను, పశువులను దూరముగా ఉంచండి. టెస్టరు వెలగలేదు గనుక పరవాలేదని మీరే తీర్పు చెప్పుకోవద్దు. తెలిసిన పనివానిని పిలవండి. సర్వీసు వైరు, స్తంభము సంగతియైతే లైన్‌మన్‌కు చెప్పండి, లేదా 1912 నంబరుకు ఫోను చేయండి. ఇనుప తీగ దండెము తీసివేసి నైలాను త్రాడు కట్టండి. మూడు కాళ్ళ ప్లగ్గులో మూడవ కాలు విరుగగొట్టి రెండు రంధ్రములలో దూర్చే అలవాటు మానండి. ఆ మూడవ కాలే కారిన కరెంటును భూమిలోకి పంపే దారి. ఎర్తు సరిగా ఉన్నదో లేదో ఏటేటా చూపించుకోండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి పెట్టించుకొంటే, ఇంటి లోపల కరెంటు కారిన వెంటనే అదే కట్టివేస్తుంది.

ఎవరైనా కరెంటుకు పట్టుబడితే వారిని చేతితో లాగవద్దు. ముందు కరెంటు కట్టండి. ఇంటి వైరింగులో పట్టుబడినవారిని, స్విచ్చి అందకపోతే, ఎండిన కర్రతో విడిపించవచ్చును. స్తంభములమీది పెద్ద లైను తెగిపడితే మాత్రము దగ్గరకే పోవద్దు. విడిపించిన తరువాత ఊపిరి ఆడకపోతే 108కి ఫోను చేయించి, రొమ్ము నడిమిభాగమును రెండు అరచేతులతో నిమిషమునకు 100 నుండి 120 సార్లు బలముగా నొక్కుతూ ఉండండి.

సంఘ కాపరులకు ఒక మాట

మైకు దగ్గర పెదవికి జివ్వుమని తగిలితే చాలామందిమి సర్దుకొని ప్రసంగము కొనసాగిస్తాము. 2005 అక్టోబరు 30న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రము, వేకో పట్టణములో ఒక యౌవన కాపరి బాప్తిస్మపు తొట్టి నీళ్ళలో నిలిచి మైకును పట్టుకొనగా షాకు తగిలి సంఘము కళ్ళముందే మరణించాడు. నీళ్ళలో ఉన్నవారి చేతికి కరెంటు మైకు ఇవ్వకండి. క్రిస్మసు పందిళ్ళలో, ఇనుప స్తంభములకు బల్బుల తీగలు చుట్టేటప్పుడు, అతుకులకు టేపు ఉన్నదో లేదో చూడండి. మైకు జివ్వుమంటే పాట సగములో ఉన్నా ఆపి చూపించుకోండి.

మరుసటి ఆదివారము సంఘపెద్దగారు మరల చెయ్యి చాచారు. మరల చిటుక్కుమన్నది. అందరమూ నవ్వాము. అవ్వ రగ్గు భుజాన వేసికొనే వచ్చినది. అయితే అప్పటినుండి ఎవరైనా వచ్చి "అయ్యగారూ, షాక్ కొడ్తున్నది" అంటే, నవ్వకముందు ఒక ప్రశ్న అడుగుతున్నాము. మీ ఇంట్లో పిల్లవాడు చెప్పినా, పనికి వచ్చిన కూలి చెప్పినా, మీరు కూడా అదే అడగండి.

"ఒకసారి కొట్టినదా, ప్రతిసారి కొడుతున్నదా?"